గట్టు మీదుండేవీ, అటకెక్కేవీ!

దసరా దగ్గరకొస్తోందంటే చాలు, పేపరు మడత విప్పగానే సగం పేజీ నిండా మిక్సీలూ, గ్రైండర్లూ, ఓవెన్లే. పేపరు పక్కన పడేసి ఫోను తీస్తే అందులోనూ అవే. ఉల్లిపాయలు తరిగేదొకటి, చపాతీలు ఒత్తేదొకటి, గుడ్లు ఉడికించేదొకటి, నిమ్మకాయ పిండేదొకటి! ఇవన్నీ ఇంట్లో ఉంటే ఇక మనం కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చేమో అనిపిస్తుంది. వాయిదాల మీద కూడా ఇస్తామంటాడాయె. నెలకి ఇంత కడితే చాలు, మీ వంటిల్లు స్వర్గం అంటాడు.

సరే, నిజంగా స్వర్గమేనా? మనలాంటి మధ్యతరగతి ఇళ్ళల్లో వంటింటి వస్తువు కొనడమంటే ఆషామాషీ కాదు. పిల్లల ఫీజులూ, పాలవాడూ, కరెంటు బిల్లూ పోగా మిగిలిన డబ్బుల్లోంచి తియ్యాలి. తీసి కొన్నది పనికొస్తే సంతోషం. లేదంటే అటక మీద పాత బకెట్ల పక్కన చేరుతుంది. పైగా దాన్ని చూసినప్పుడల్లా ఇంట్లో ఎవరో ఒకరు గుర్తు చేస్తూనే ఉంటారు!

అందుకని, ఏది కొంటే వంటగట్టు మీద ఉంటుంది, ఏది కొంటే అటకెక్కుతుంది అన్న సంగతి కాస్త తీరిగ్గా మాట్లాడుకుందాం. నేను చదివింది ఇంటరే. కానీ పాతికేళ్ళుగా వంటింట్లో ఉన్నాను కదా, ఆ చదువు ఇంకొకటి.

మన అమ్మమ్మలూ కొన్నారు

"మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా? అన్నీ చేత్తోనే చేసుకునేవాళ్ళం" అంటూ ఉంటారు పెద్దవాళ్ళు. చేత్తో చేసుకున్న మాట నిజమే. కానీ ఉత్త చేత్తో కాదు. పప్పు విసరడానికి తిరగలి, దంచడానికి రోలూ రోకలీ, రుబ్బడానికి పొత్రం, మజ్జిగ చిలకడానికి కవ్వం, తరగడానికి కత్తిపీట, జంతికలకి గొట్టం. ఇవన్నీ ఆ రోజుల వంటింటి యంత్రాలే. కరెంటు లేదు, అంతే తేడా.

వాటిని గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఒక్కొక్కటీ ఇంచుమించు రోజూ చేసే పనికోసం పుట్టింది. జంతికల గొట్టం ఒక్కటే పండక్కి తీసేది. అది కూడా మూల చిన్న మేకుకి వేలాడేది కానీ చోటు తినేది కాదు. పాడయ్యే భాగమంటూ లేదు. తిరగలి అరిగిపోతే వీధిలోకొచ్చినవాడు గంట్లు పెట్టి ఇచ్చేవాడు, మళ్ళీ పదికాలాలు నడిచేది. అంటే అమ్మమ్మలు యంత్రాలకి వ్యతిరేకులేం కాదు. ఏది కొనాలో తెలిసినవాళ్ళు.

మంచి వస్తువు ఎక్కడ పుడుతుంది?

మిక్సీ మన దేశంలో ఎలా పుట్టిందో తెలుసా? 1960ల నాటి మాట. బొంబాయిలో మాధురీ మాథుర్ అనే గృహిణి దగ్గర జర్మనీ మిక్సీ ఒకటుండేది. అది పాడైంది. ఆ దేశం వాళ్ళు దాన్ని వాళ్ళ వంటకి తగ్గట్టు తయారుచేసుకున్నారు. మనమేమో అందులో ఎండుమిరపకాయలూ, ధనియాలూ, నానబెట్టిన పప్పూ, కొబ్బరీ వేస్తాం. పాపం, దాని మోటారు ఏం తట్టుకుంటుంది? ఆవిడ భర్త సత్యప్రకాశ్ మాథుర్ ఇంజనీరు. మన వంటకి నిలబడే మోటారుతో మనకే ఒక మిక్సీ తయారు చేశారు. అదే 'సుమీత్'. తర్వాత ఎన్నో ఏళ్ళు మన ఇళ్ళల్లో మిక్సీ అంటే సుమీత్ అన్నట్టే ఉండేది.

గ్రైండరు కథా ఇలాంటిదే. రుబ్బురోలుని కరెంటుతో తిప్పాలన్న ఆలోచన 1950ల్లో కోయంబత్తూరులో మొదలైంది. ఇడ్లీ, దోశ లేనిదే తెల్లవారని ఊరు మరి! ఇప్పటికీ గ్రైండర్లకి ఆ ఊరే పెట్టింది పేరు. కోయంబత్తూరు వెట్ గ్రైండరుకి 2005-06లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, మన బందరు కలంకారీకీ, పోచంపల్లి ఇక్కత్‌కీ వచ్చినట్టు.

ఇక ప్రెషర్ కుక్కరు. దాని మూలం ఇంకా పాతది. డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1679లో లండన్‌లో గట్టి మూత బిగించి ఆవిరితో ఉడికించే పాత్ర చేసి చూపించాడు. ఎముకలు సైతం అందులో మెత్తబడ్డాయట. ఆవిరి ఎక్కువైతే బయటికి పోయే ఏర్పాటు కూడా ఆయనే చేశాడు. మామూలు గిన్నెలో నీళ్ళు ఎంత మంట పెట్టినా 100 డిగ్రీలు దాటవు. కుక్కరులో ఆవిరి పోవడానికి దారి లేదు కనక లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది. గిన్నెలో ముప్పావుగంట పట్టే కందిపప్పు మూడు నాలుగు కూతలకి ఉడికిపోవడంలో రహస్యం అదే. గ్యాసు మిగులుతుంది, మన కాళ్ళూ మిగులుతాయి.

ఈ మూడింటిలోనూ ఒక పోలిక ఉంది చూశారా? మనం రోజూ చేసే పనిలో ఎక్కడ ఒళ్ళు విరుగుతోందో, ఎక్కడ పొద్దు పోతోందో అక్కడికే వచ్చి కూర్చున్నాయి. రుబ్బడం, నూరడం, ఉడికించడం. అందుకే ఈ మూడూ అటకెక్కిన ఇల్లు నేను చూడలేదు.

వీటన్నిటికన్నా పెద్ద వస్తువు ఇంకొకటి ఉంది. రోజూ వాడుతూ వాడుతూ దాన్నొక వస్తువనే మనం మర్చిపోయాం. అదే గ్యాసు పొయ్యి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం కింద పేదింటి ఆడవాళ్ళకి గ్యాసు కనెక్షన్లిచ్చారు. ఆ రోజుల్లో పల్లెటూళ్ళో కట్టెల పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదిన ఆడవాళ్ళనడగండి, అది ఎంత ఉపకారమో చెప్తారు. పక్క రాష్ట్రం తమిళనాడులో 2011లో ప్రభుత్వమే మిక్సీలూ, గ్రైండర్లూ, ఫ్యాన్లూ ఉచితంగా పంచింది. దాన్ని ఎన్నికల తాయిలమని వెక్కిరించినవాళ్ళూ ఉన్నారు. వెక్కిరించినవాళ్ళలో రుబ్బురోలు ముందు కూర్చున్నవాళ్ళెందరో నాకు అనుమానమే!

మా ఇంటికి గ్రైండరు వచ్చిన వైనం

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఇంట్లో ఎనిమిది మందిమి. అమ్మ సాయంత్రం ఇంటిపనంతా అయ్యాక పెరట్లో రుబ్బురోలు ముందు కూర్చునేది. తవ్వెడు మినప్పప్పు రుబ్బడానికి ముప్పావుగంట. నేనూ చెల్లీ పక్కన కూర్చుని చేత్తో పిండి ఎగదోసేవాళ్ళం. పిండి నురగలా పొంగి చేతికి తేలిగ్గా తగిలేదాకా ఆపేది కాదు. ఆ ఇడ్లీలు దూదిపింజల్లా ఉండేవని ఇప్పటికీ మా అన్నదమ్ములు లొట్టలేసుకుంటూ చెప్తుంటారు.

అమ్మకిప్పుడు కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదు. వయసు మీద పడిందంటారు డాక్టరుగారు. రుబ్బురోలంటుంది అమ్మ. ఎవరి మాట నిజమో నాకు తెలీదు కానీ, ఊరెళ్ళినప్పుడల్లా అమ్మకి తల దువ్వి ముడి వేసేది నేనే. 

అందుకే నా పెళ్ళయ్యాక, 2009లో నా చీటీ డబ్బులు చేతికొచ్చినప్పుడు, ముందు గ్రైండరు కొనాలన్నాను. మావారు చెడ్డవారేం కాదు. కానీ ఆయన నోటెంట వచ్చిన మొదటి మాట, "మిక్సీ ఉందిగా? మా అమ్మ ఏ గ్రైండరుతో చేసిపెట్టింది నాకు?" అని.

మా అత్తగారు వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. తలెత్తకుండానే అన్నారు, "నేను రుబ్బాన్రా. రుబ్బాను కనకే చెప్తున్నా. కొనిపెట్టు."

ఇంక ఆయన మాట్లాడలేదు. ఆ ఆదివారమే రెండు లీటర్ల గ్రైండరు ఇంటికొచ్చింది. అత్తగారే పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి, మొదటి వాయి మినప్పప్పు పోశారు. అరగంట సేపు కుర్చీ వేసుకుని దాని ముందే కూర్చున్నారు. రాయి దానంతటది తిరుగుతుంటే ఆవిడ మొహంలో ఏమున్నదో నేను మాటల్లో చెప్పలేను.

ఒక్క మాట మాత్రం ఆలోచించాను ఆ రోజు. ఇంట్లో బండి కొన్నప్పుడు "మీ నాన్న సైకిలు తొక్కలేదా?" అని ఎవరూ అడగరు. ఫోను మారిస్తే "ఉత్తరాలు రాసుకోలేదా?" అని అడగరు. వంటింటి వస్తువు అనేసరికి మాత్రం అమ్మలూ, అమ్మమ్మలూ గుర్తుకొస్తారు! వాళ్ళు చేశారు నిజమే. ఇష్టమై చేశారా, వేరే దారి లేక చేశారా అన్నది వాళ్ళనే అడగాలి.

మిక్సీ ఉండగా గ్రైండరెందుకు?

మావారి ప్రశ్నలో సగం సబబు కూడా ఉంది. అందుకని దానికీ జవాబు చెప్పుకోవాలి. మిక్సీ బ్లేడు నిమిషానికి వేలసార్లు తిరుగుతుంది. ఆ వేగానికి జారు వేడెక్కుతుంది, పిండీ వేడెక్కుతుంది. గ్రైండరు రాయి నెమ్మదిగా తిరుగుతుంది. పిండి వేడెక్కదు, గాలి బాగా కలుస్తుంది, పొంగి ఎక్కువవుతుంది. ఒక గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ కలిపే మన పద్ధతికి పిండి ఎంత గుల్లగా ఉంటే ఇడ్లీ అంత మెత్తన.

అలాగని అందరూ గ్రైండరు కొనేయాలని కాదు. ఇంట్లో ఇద్దరే ఉండి, వారానికి ఒకసారి దోశలేసుకునేవాళ్ళకి మిక్సీ చాలు. పప్పు నానాక ఆ గిన్నె గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, చల్లటి నీళ్ళతో ఆగి ఆగి తిప్పుకుంటే పిండి అంతగా వేడెక్కదు. ఇప్పుడు వీధి చివర పిండి అమ్మేవాళ్ళూ ఉన్నారు. నలుగురైదుగురుండి, వారానికి మూడుసార్లు పిండి కావలసిన ఇంటికే గ్రైండరు.

అటకెక్కేవి ఏవి?

ఒక్క పని మాత్రమే చేసేవి, ఆ పనికూడా ఎప్పుడో ఒకసారి వచ్చేవి, వాడిన తర్వాత కడగడానికి వాడినంతసేపు పట్టేవి. ఈ మూడు లక్షణాలూ ఉంటే ఇక అటకే.

మా పక్కింటి వదినకి వాళ్ళబ్బాయి ముచ్చటపడి ఫుడ్ ప్రాసెసర్ కొనిచ్చాడు. తురమడానికొక బిళ్ళ, చక్రాలు తరగడానికొకటి, పిండి కలపడానికొక బ్లేడు, రసం తీయడానికొక గిన్నె. పదిమందికి వంట చేసినప్పుడు దాని పనితనం చూడాలి, అయిదు నిమిషాల్లో కిలో క్యారెట్ తురిమి పడేస్తుంది. కానీ ఉన్నది ఇద్దరు. రెండు క్యారెట్లకోసం ఆరు భాగాలు తీసి, బిగించి, మళ్ళీ విప్పి, బ్లేడు చెయ్యి కోయకుండా కడిగి ఆరబెట్టాలి. "కత్తిపీట దగ్గర కూర్చుంటే ఈపాటికి కూర దింపేసేదాన్ని" అంటుంది వదిన. వస్తువు మంచిదే, ఇల్లు వేరు!

తాడు లాగితే ముక్కలు తరిగే డబ్బా ఉంది చూడండి. అది చవకే, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఫరవాలేదు కూడా. నాలుగుసార్లు లాగితే ముక్కలు, ఇంకో నాలుగుసార్లు లాగితే ముద్ద. పులుసుకీ, ఆమ్లెట్‌కీ సరిపోతుంది. వేపుడు ముక్కలకి మాత్రం కత్తే కావాలి. అసలు చాలా ఇళ్ళల్లో వంట ఆలస్యం కావడానికి కారణం యంత్రం లేకపోవడం కాదు, కత్తికి పదును లేకపోవడం. ఏడాదికోసారి కత్తిపీటకి సాన పెట్టించి చూడండి, సగం గాడ్జెట్లు అక్కర్లేదనిపిస్తుంది.

రోటీ మేకర్ సంగతీ అంతే. రెండు వేడి పలకల మధ్య ఉండ పెట్టి నొక్కితే చపాతీ వచ్చేస్తుందంటాడు. వస్తుంది. కాకపోతే పిండి మామూలుకన్నా జారుగా కలపాలి, ఎక్కువసేపు నాననివ్వాలి, సరైన క్షణంలో తియ్యాలి. లేదంటే చల్లారేసరికి అప్పడమే. చపాతీ కర్రతో చెయ్యి తిరిగినవాళ్ళకి అది అదనపు చాకిరీ.

ఈమధ్య ఎక్కడ చూసినా ఎయిర్ ఫ్రయ్యరే. ఫిలిప్స్ కంపెనీ 2010లో బెర్లిన్‌లో మొదటిసారి చూపించిన వస్తువిది. పేరులో వేపుడున్నా నిజానికి ఇది వేడిగాలిని ఫ్యానుతో గిర్రున తిప్పే చిన్న ఓవెన్. బంగాళాదుంప ముక్కలూ, బెండకాయలూ, వేరుశనగపప్పులూ, చికెన్ ముక్కలూ చెంచాడు నూనె పట్టించి పెడితే బాగానే కరకరలాడతాయి. డాక్టరు నూనె తగ్గించమన్న ఇంట్లో ఇది పనికొచ్చేదే. కానీ మన గారెలూ, పునుగులూ, మిరపకాయ బజ్జీలూ ఇందులో కుదరవు. జారు పిండి కాస్తా జాలీలోంచి కారిపోతుంది. అప్పడం పెడితే తేలిక కదా, ఆ గాలికి ఎగిరి పైన తగులుతుంది! మా ఆడపడుచు ఇంట్లో ఇది రోజూ వాడతారు, ఎందుకంటే వాళ్ళింట్లో రోజూ వేపుడుండాలి. మా ఇంట్లో పప్పూ, పులుసూ, పచ్చడీ. మాకెందుకది?

మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఇల్లు చూసి కొనాల్సిందే. ఉద్యోగాలకెళ్ళి తలోవేళకి వచ్చి తినేవాళ్ళుంటే, ఫ్రిజ్‌లోది వేడిచేసుకోవడానికి దాన్ని మించింది లేదు. కానీ మన గిన్నెలన్నీ స్టీలువి. స్టీలు గిన్నె అందులో పెట్టకూడదు. దానికి తగ్గ గాజువో, పింగాణీవో గిన్నెలు మళ్ళీ కొనాలి. ఆ ఖర్చు అమ్మేవాడు చెప్పడు.

ఇండక్షన్ పొయ్యి కొనేటప్పుడూ అంతే. ఫ్రిజ్ మీదుండే అయస్కాంతం బొమ్మ తీసుకుని మీ గిన్నెల అడుగున ఆనించి చూడండి. అతుక్కుంటే ఆ గిన్నె పనికొస్తుంది. అల్యూమినియం గిన్నెలూ, మామూలు అల్యూమినియం కుక్కరూ పనికిరావు. గ్యాసు అయిపోయి రెండో సిలిండరు రానప్పుడు ఇది ఆదుకుంటుంది.

నాన్‌స్టిక్ పెనం గురించి ఒక జాగ్రత్త. ఖాళీ పెనం పెద్ద మంట మీద వదిలేయకండి. 260 డిగ్రీలు దాటితే దాని పూత పాడవడం మొదలవుతుంది. స్టీలు అట్లకాడతో గీకకండి. గీతలు పడి పూత లేచిపోతుంటే మార్చేయడం మంచిది. ఇనప పెనానికి ఈ బాధలేవీ లేవు. నూనె రాసి వాడేకొద్దీ మెరుగవుతుంది.

రెండు లెక్కలు

వస్తువు ధర చూసి భయపడకండి, ధర చూసి మురిసిపోకండి. ఎన్నిసార్లు వాడతామన్నదే లెక్క. ఉదాహరణకి ఆరువేలు పెట్టి గ్రైండరు కొన్నారనుకోండి. వారానికి మూడుసార్లంటే ఏడాదికి సుమారు 150 సార్లు. పదేళ్ళు నడిస్తే 1,500 సార్లు. ఒకసారికి పడేది 4 రూపాయలు. అదే, రెండున్నరవేలకి చవగ్గా వచ్చిందని ఒక వస్తువు కొని ఏడాదికి అయిదుసార్లు, మూడేళ్ళు వాడితే? పదిహేనుసార్లు. ఒకసారికి 166 రూపాయలు! ఏది ఖరీదైనదో మీరే చెప్పండి.

రెండోది కరెంటు లెక్క. వస్తువు వెనకాలో అడుగునో ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. 1,000 వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. 750 వాట్ల మిక్సీ రోజుకి పది నిమిషాలు తిప్పితే నెలకి నాలుగు యూనిట్లకి లోపే. 150 వాట్ల గ్రైండరు అరగంట తిరిగినా యూనిట్‌లో పదోవంతు కూడా కాదు. 1,500 వాట్ల ఎయిర్ ఫ్రయ్యరు రోజూ 20 నిమిషాలు పెడితే నెలకి 15 యూనిట్లు. తిప్పే వస్తువులకి తక్కువ కరెంటు, వేడిచేసే వస్తువులకి ఎక్కువ కరెంటు అని గుర్తుపెట్టుకుంటే చాలు.

కొనేముందు

పండగ బేరాల్లో పడి కొట్టుకుపోకుండా ఈ ప్రశ్నలు వేసుకోండి.

ఈ పని వారానికి ఎన్నిసార్లు చేస్తాం? మూడుకి తక్కువైతే ఆలోచించాలి.

ఈ పనిలో మనకి నిజంగా నొప్పి ఎక్కడుంది? నడుముకా, చేతికా, టైముకా? ఆ నొప్పి ఈ వస్తువు తీరుస్తుందా?

కడగడానికి ఎన్ని భాగాలు? ఎంతసేపు?

గట్టు మీద దీనికి చోటుందా, పక్కనే ప్లగ్గుందా? రోజూ అటక మీంచి దింపి వాడతామనుకోవడం ఉత్తమాట.

రబ్బరు, జారు, బ్లేడు పోతే మన ఊళ్ళో దొరుకుతాయా? బాగుచేసేవాడున్నాడా?

కుక్కరు కొంటే ఐఎస్ఐ గుర్తు చూసి తీరాలి. 2020లో ప్రభుత్వం ఉత్తర్వు కూడా ఇచ్చింది, ఇళ్ళల్లో వాడే ప్రెషర్ కుక్కర్లకి ఆ గుర్తు తప్పనిసరని. గ్యాస్కెట్ వదులైతే వెంటనే మార్చండి. కూత వచ్చే గొట్టంలో పప్పు పొట్టు అడ్డుపడిందేమో పెట్టే ముందు వెలుతురుకి ఎత్తి చూడండి.

అన్నిటికన్నా మంచి ఉపాయం ఒకటుంది. ఏ వస్తువైనా మనసులో పడితే నెల రోజులాగండి. ఆ నెలలో "అది ఉంటే బాగుండేది" అని ఎన్నిసార్లు అనిపించిందో క్యాలెండరు మీద గీతలు పెట్టండి. పది గీతలు దాటితే కొనుక్కోండి, ఎవరేమన్నా సరే!

మిగిలిన టైము ఎవరిది?

ఇప్పుడు అసలు సంగతి. యంత్రం కొంటే పని తగ్గుతుందా? తగ్గాలి. కానీ మా ఇంట్లో గ్రైండరు వచ్చిన కొత్తలో జరిగింది వేరు. ఇదివరకు ఆదివారం ఒక్కరోజే గారెలుండేవి. "గ్రైండరుందిగా!" అని బుధవారం పెసరట్లన్నారు, శుక్రవారం గారెలన్నారు, సాయంత్రం చుట్టాలొస్తే పునుగులన్నారు. మిగిలిన అరగంటా కాస్తా మళ్ళీ పొయ్యి దగ్గరికే వచ్చేసింది. మోటారు వేగంగా తిరిగేకొద్దీ కోరికలూ వేగంగా తిరుగుతాయి మరి!

అప్పుడు మా అత్తగారూ నేనూ కలిసి ఒక పద్ధతి పెట్టాం. పిండి వారానికి రెండుసార్లే. పప్పు నానెయ్యడం నా వంతు. రుబ్బాక గ్రైండరు రాళ్ళు తీసి కడిగి తుడిచిపెట్టడం ఇంట్లో మగవాళ్ళ వంతు. అదనంగా ఏదైనా కావాలంటే స్విచ్చి ఎక్కడుందో అందరికీ తెలుసు. మొదటివారం మావారు తడి చేత్తో మోటారు దాకా కడగబోయారు. ఆపి, ప్లగ్గు తీశాకే ముట్టుకోవాలనీ, మోటారు భాగాన్ని తడిగుడ్డతో తుడవడమేననీ చూపించాను. రెండోవారానికి వచ్చేసింది. మా అబ్బాయి పదో తరగతికొచ్చేసరికి పిండి చేత్తో తీసి నీళ్ళలో చుక్క వేసి, తేలితే "అయిందమ్మా" అని చెప్పేవాడు. ఇప్పుడు చదువుకోసం వేరే ఊళ్ళో స్నేహితులతో గదిలో ఉంటున్నాడు. వాళ్ళ గదిలో కుక్కరు పెట్టడం వచ్చినవాడు వీడొక్కడేనట!

యంత్రానికి ఆడా మగా తేడా తెలీదు. రోకలి పోటుకి బలం కావాలి, పొత్రానికి ఓపిక కావాలి అన్నారు సరే, స్విచ్చికి ఏం కావాలి? అది ఎవరు నొక్కినా తిరుగుతుంది. కాబట్టి వస్తువు కొనే రోజునే, దాన్ని వాడేదెవరు, కడిగేదెవరు అన్నది కూడా తేల్చేసుకోండి. అది తేలకపోతే ఎంత మంచి యంత్రమైనా మనకి ఇంకో చాకిరీ తెచ్చిపెడుతుంది. తేలితే, అది గట్టు మీద దర్జాగా ఉంటుంది.

మా ఇంట్లో ఇప్పుడు బుధవారం, శనివారం సాయంత్రం ఆరింటికి గ్రైండరు తిరుగుతుంది. ఆ అరగంటా నాది. అత్తగారు కన్నుమూసి నాలుగేళ్ళయింది. ఆవిడ కూర్చున్న కుర్చీలోనే కూర్చుని నేను వారపత్రిక చదువుకుంటాను. ఎవరైనా ఏదైనా అడిగితే, "పిండి రుబ్బుతున్నా" అంటాను. అబద్ధమేం కాదుగా!